డిస్ట్రిబ్యూటర్ కొత్తదే, మరి బండెందుకు గుంజట్లేదు?

పాత కారుకి డిస్ట్రిబ్యూటర్ మార్పించారు. స్టార్ట్ అవుతోంది, నిలబెట్టి వింటే సాఫీగానే ఉంది. రోడ్డెక్కితే మాత్రం గుంజదు, పైగా వేడెక్కుతోంది. మెకానిక్ చెవి దగ్గర పెట్టి విని "హెడ్ ఇప్పాల్సిందే" అన్నాడు. అప్పుడేం చేయాలి? ముందు స్పానర్ కింద పెట్టమనండి. హెడ్ ఎక్కడికీ పోదు. టైమింగ్ చూడ్డానికి ఒక గంట చాలు.

పోయిన నెల గోదావరిఖనిలో సరిగ్గా ఇదే కేసు చూశాను. సింగరేణి ఓసీపీలో బ్లాస్టింగ్ పని చేసి రిటైరైన ఒక కాక దగ్గర పాత పెట్రోల్ అంబాసిడర్ ఉంది. 1489 సీసీ ఇంజన్, బ్రిటన్ బీఎంసీ వాళ్ల డిజైన్. 1958 నుంచి 2014 దాకా ఉత్తరపారాలో అంబాసిడర్లు తయారయ్యాయి కానీ ఈ ఇంజన్‌వి రోడ్డు మీద ఇప్పుడు అరుదు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అరిగి ఊగుతుంటే, ఎక్కడో అటక మీద ఏళ్ల తరబడి డబ్బాలోనే ఉన్న కొత్త పీసు దొరికితే వేయించాడు. కథ అక్కడ మొదలైంది.

"తమ్మీ, స్టార్టైతది, మంచిగనే నడుస్తది. గేరేసి తొక్కినమంటే పానం పోయినట్టైతది. ఎన్టీపీసీ దాకా పోయొచ్చే వరకు రేడియేటర్ మసులుతున్నది" అన్నాడు. హెడ్ పని ఖర్చు విన్న కొడుకు తుక్కుకి ఇచ్చేద్దామన్నాడట. తుక్కాయన వచ్చి అడ్వాన్స్ కూడా పెట్టిపోయాడు. రెండ్రోజుల్లో లారీ వస్తుంది.

మీలో చాలామంది బైకుల్లో ఈ పనంతా ఈసీయూ చేస్తుంది కాబట్టి, డిస్ట్రిబ్యూటర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పాలి. నాలుగు సిలిండర్లకి వంతులవారీగా స్పార్క్ పంచేది అదే. అంబాసిడర్‌లో వరుస 1-3-4-2. ఇంజన్ 3000 ఆర్పీఎంలో ఉంటే నిమిషానికి 6000 స్పార్కులు, అంటే సెకనుకి 100. ఆ వేగంలో క్రాంక్ ఒక్క డిగ్రీ తిరగడానికి 0.06 మిల్లీసెకన్ కూడా పట్టదు. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి, దాని బాడీని మీరు ఒక డిగ్రీ కదిపితే ఇంజన్ లెక్కలో రెండు డిగ్రీలు మారినట్టు. అందుకే "కొంచెం అటు తిప్పు, కొంచెం ఇటు తిప్పు" అని చెవితో చేసే సెట్టింగ్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

స్పార్క్ ముందుగా పడితే స్టార్టర్ వెనక్కి తంతుంది, లోడ్ మీద టకటకమని చప్పుడొస్తుంది, అలాగే తోలితే పిస్టన్‌కే ముప్పు. ఆలస్యంగా పడితే శక్తి పోతుంది, వేడి సైలెన్సర్‌లోకీ నీళ్లలోకీ పోతుంది. కాక బండి లక్షణాలు రెండో రకం.

మొదట స్టాటిక్ టైమింగ్ చూశాం. ఒకటో నంబర్ ప్లగ్ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజన్‌ని చేత్తో తిప్పాలి. గాలి వేలిని తోస్తే అది కంప్రెషన్. ఇది చూడకుండా పుల్లీ గుర్తు ఒక్కటే చూస్తే మోసపోతారు, ఎందుకంటే పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది, అందులో ఒక్కదానికే స్పార్క్ కావాలి. పుల్లీ మీది గాటు మాన్యువల్ చెప్పిన డిగ్రీకి వచ్చినప్పుడు రోటర్ ఒకటో నంబర్ వైరు వైపు చూడాలి, పాయింట్లు అప్పుడే తెరుచుకోబోతుండాలి. పాయింట్ల తీగకీ బాడీకీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు కట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే, తెరుచుకున్న క్షణంలో బల్బు వెలుగుతుంది. అన్నట్టు పాయింట్ల సందు ముందే సెట్ చేయాలి, ఈ ఇంజన్‌కి 0.4 మి.మీ. దగ్గర. తర్వాత సందు మారిస్తే టైమింగ్ కూడా మారిపోతుంది.

కాక బండిలో ఇవన్నీ కరెక్టుగానే ఉన్నాయి! వైర్ల వరుస కూడా. ఆ మెకానిక్ తన పని తాను బాగానే చేశాడు, నిజానికి. హెడ్ మీద అనుమానం రావడానికి కారణం కూడా అదే.

అప్పుడు టైమింగ్ లైట్ తీశాం. ఒకటో ప్లగ్ వైరుకి క్లిప్ పెడితే ప్రతి స్పార్క్‌కీ ఒక మెరుపు. ఆ మెరుపులో తిరిగే పుల్లీ ఆగినట్టు కనిపిస్తుంది. ఫ్యాన్ కూడా ఆగినట్టే కనిపిస్తుంది, జాగ్రత్త, అది ఆగలేదు! చున్నీ, చేతి వాచీ, ఫోన్ ఛార్జర్ తీగ, ఏదీ దగ్గరికి రానీయొద్దు. వ్యాక్యూమ్ పైపు ఊడదీసి మూతి మూశాం. ఐడిల్‌లో గాటు ఉండాల్సిన చోటే ఉంది. "ఇక తొక్కు కాకా" అన్నాను. ఇంజన్ గర్జించింది కానీ గాటు కదల్లేదు.

కదలాలి. పెట్రోల్, గాలి కలిసి మండడానికి పట్టే సమయం దాదాపు అంతే ఉంటుంది కానీ, వేగం పెరిగేకొద్దీ పిస్టన్‌కి అంత తీరిక ఉండదు. అందుకే వేగంతో పాటు స్పార్క్ ఇంకా ముందుకి జరగాలి. ఆ పని చేసేవి డిస్ట్రిబ్యూటర్‌లో ప్లేటు కింద ఉన్న రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. తిరిగే కొద్దీ బరువులు బయటికి విచ్చుకుని కామ్‌ని ముందుకి తిప్పుతాయి.

ఇది చెప్తుంటే కాక ముఖం వెలిగింది. "అంటే డిలేలు పని జేస్తలేవన్నట్టు!" అన్నాడు. ఓపెన్ కాస్ట్‌లో రంధ్రాలన్నీ ఒకేసారి పేల్చరు, ఒక్కోదానికి మిల్లీసెకన్ల తేడా పెడతారు. ఆ తేడాలు తప్పితే రాయి సరిగా విరగదు, అదురు మాత్రం పెరుగుతుంది. జీవితమంతా ఆ లెక్కతో బతికిన మనిషికి నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

మూత తీసి రోటర్‌ని అది తిరిగే దిశలో వేళ్లతో మెలిపెట్టమన్నాను. కొద్దిగా తిరిగి, వదలగానే స్ప్రింగ్‌తో వెనక్కి రావాలి. రాయిలా ఉంది. విప్పి చూస్తే లోపలి గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. డబ్బాలో ఉన్న వస్తువు కొత్తదే, దాని గ్రీజు మాత్రం ముసలిది. కిరోసిన్‌తో కడిగి, బరువుల ఇరుసులకి పలచని ఆయిల్ రెండు చుక్కలు వేశాం. పాయింట్లకి ఒక్క చుక్క కూడా తగలకూడదు. పని పట్టింది గంటన్నర, టీతో కలిపి. మళ్లీ లైట్ వేస్తే గాటు తొక్కిన కొద్దీ జరుగుతూ వచ్చింది. ఎన్టీపీసీ దాకా పోయొచ్చాం, సూది మధ్యలోనే ఉంది. తుక్కాయన అడ్వాన్స్ ఆ సాయంత్రమే వాపసు పోయింది.

మీ ఇంట్లో కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఉన్నా ఇదే తరహా బరువులు, ఇదే జబ్బు రావచ్చు. ఏదైనా విప్పేముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి: రోటర్ ఎటు చూస్తోంది, వైర్లు ఏ వరుసలో ఉన్నాయి, బాడీ ఏ కోణంలో ఉంది. మూత లోపల సన్నని నల్లగీత కనిపిస్తే మూత మార్చేయండి, స్పార్క్ ఆ దారిన పారిపోతుంది. బొగ్గు దుమ్ము, తేమ కలిసే మన ఖని లాంటి ఊళ్లలో ఇది మరీ చూసుకోవాలి.

ఇంకో పని మిగిలే ఉంది. కొత్త పాయింట్ల మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది. సందు తగ్గుతుంది, టైమింగ్ మెల్లగా వెనకబడుతుంది. 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ సందు చూసి సెట్ చేయాలి. కాకకి ఫోన్‌లో రిమైండర్ పెట్టింది, తుక్కుకి ఇద్దామన్న ఆ కొడుకే.