బోర్డర్ దాటొస్తే వీసా వస్తుంది.. ఉద్యోగం కాదు!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేయండి. కరెంటు స్తంభాల మీద గ్రూప్స్ కోచింగ్, బ్యాంక్ కోచింగ్, ‘బాయ్స్ హాస్టల్‌లో బెడ్ ఖాళీ’ కాగితాల మధ్య గల్ఫ్ ఉద్యోగాల కాగితం ఒకటైనా కనిపిస్తుంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్గొండ, సూర్యాపేట బస్సుల కోసం నిలబడే చోటా అంతే. డిగ్రీ అయిపోయి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక, హాస్టల్ ఫీజుకి ఇంటికి ఫోన్ చేయాలంటే మొహమాటపడే కుర్రాడికి ఆ కాగితం ఎలా కనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఫోన్ చేస్తే వినిపించే మాట దాదాపు ఒకటే. “తమ్మీ, విజిట్ వీసా మీద పోతావ్. అక్కడ దిగినాక జాబ్ వెతుక్కుంటావ్. రెండు నెలల్లో దొరకలేదనుకో, ఒక్కరోజు ఒమన్ పోయి రా. మళ్లీ రెండు నెలలు నీవే. టెన్షన్ ఏముంది?”

ఆ ఆఖరి ముక్క గురించే ఈ వ్యాసం. ఒక్కరోజు బయటికి పోయి రావడం, అంటే గల్ఫ్‌లో మనవాళ్లు ‘ఎగ్జిట్’ అనే పని, వినడానికి మొబైల్ రీఛార్జ్ చేసుకున్నంత తేలిగ్గా ఉంటుంది. దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న లెక్క మాత్రం ఫోన్‌లో ఎవరూ చెప్పరు.

అసలు ఏం జరుగుతుంది?

యూఏఈ విజిట్ వీసా సాధారణంగా 30 రోజులకో, 60 రోజులకో ఇస్తారు. గడువు ముగిసేలోపు దేశం దాటాలి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఇంటికి రారు కదా! పక్కనే ఉన్న గల్ఫ్ దేశానికి విమానంలో వెళ్లి, అక్కడి ఎయిర్‌పోర్టులోనే కొన్ని గంటలు కూర్చుంటారు. ఈలోగా ట్రావెల్ ఏజెన్సీ కొత్త విజిట్ వీసా తీస్తుంది. అది ఫోన్‌కి రాగానే తిరుగు విమానం. దీనికి ‘ఎయిర్‌పోర్ట్ టు ఎయిర్‌పోర్ట్’ అని పేరు కూడా ఉంది. డబ్బు తక్కువున్నవాళ్లు బస్సులో ఒమన్ వెళ్లొస్తారు.

దేశం దాటి, కొత్త వీసాతో మళ్లీ రావడం నేరం కాదు. చిక్కల్లా, ఆ కొత్త వీసా కూడా విజిట్ వీసానే. దాని మీద ఉండొచ్చు, తిరగొచ్చు, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. పని మాత్రం చేయకూడదు. ఒకసారి దాటొచ్చినా, నాలుగుసార్లు దాటొచ్చినా పని చేసే హక్కు రాదు. పెరిగేది ఖర్చొక్కటే.

పైగా కొత్త వీసా వచ్చి తీరుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మీ సామాను దుబాయ్ రూమ్‌లో ఉంటుంది, మీరు వేరే దేశంలో ఉంటారు, అప్లికేషన్ రిజెక్ట్ అవుతుంది. అప్పుడేంటి? ఈ ప్రశ్నకు పాత తరం గల్ఫ్ కార్మికులు ఒక్క పేరుతో జవాబు చెప్తారు. కిష్.

ఇరాన్‌కు చెందిన చిన్న దీవి అది. ఫ్రీ జోన్ కాబట్టి దిగడానికి ముందుగా వీసా అక్కర్లేకపోయేది. రెండు వేల సంవత్సరం తర్వాత చాలా ఏళ్లపాటు దుబాయ్, షార్జాల నుంచి విజిట్ వీసా అయిపోయిన భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఆఫ్రికా దేశాల వాళ్లు అక్కడికి వెళ్లి కొత్త వీసా కోసం ఎదురుచూసేవారు. ఒక్కరోజు అనుకుని వెళ్లి, రోజుల తరబడి చవక హోటల్ గదుల్లో ఇరుక్కుని, చేతిలో డబ్బులయిపోయి ఊరికి ఫోన్లు చేసినవాళ్లు ఎందరో. 2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి వస్తున్న విమానం షార్జా ఎయిర్‌పోర్టు దగ్గర కూలింది. అందులో ఉన్న 46 మందిలో 43 మంది చనిపోయారు. మృతుల్లో భారతీయులూ ఉన్నారు. ఆ దారిలో అప్పట్లో వీసా కోసం తిరిగే కార్మికుల రాకపోకలే ఎక్కువ.

ఇప్పుడు దారులు మారాయి. ఇరాన్ కూడా మన సాధారణ పాస్‌పోర్టుల వాళ్లకు ఇచ్చిన వీసా మినహాయింపును 2025 నవంబర్ 22 నుంచి ఆపేసింది. ఉద్యోగాల పేరుతో తీసుకెళ్లి కిడ్నాప్ చేసిన కేసులు బయటపడ్డాకే ఆ నిర్ణయం వచ్చింది.

రూల్స్ మీ కోసం ఆగవు

‘మా అన్న 2019లో ఇట్లనే పోయి సెటిలయ్యిండు’ అని మీ ఫ్రెండ్ చెప్తే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ 2019 రూల్స్ ఇప్పుడు లేవు. 2022 చివర్లో యూఏఈ, దేశంలో ఉండగానే విజిట్ వీసా పొడిగించుకునే సౌకర్యాన్ని చాలావరకు ఆపేసింది. దాంతో బయటికెళ్లి రావడం తప్పనిసరైంది. ఒక్కసారిగా ఒమన్ బస్సులకు గిరాకీ పెరిగింది. మరుసటేడాది మళ్లీ కొంత సడలించారు. 2024 నవంబర్ నుంచి రిటర్న్ టికెట్, ఉండే చోటుకు రుజువు, ఖాతాలో డబ్బు చూపించాలని గట్టిగా అడగడం మొదలైంది. రిజెక్షన్లు పెరిగాయి. అంటే రెండేళ్లలో మూడు మలుపులు! మీరు అక్కడున్న 60 రోజుల్లో నాలుగోది రాదని ఏ ఏజెంటు రాసిస్తాడు?

గడువు దాటి ఉండిపోతే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. దిర్హమ్‌కు సుమారు 24 రూపాయలు వేసుకున్నా రోజుకు 1,200. నెలకు 36 వేలు. ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఫ్రెషర్‌కు వచ్చే జీతం కన్నా ఇదే ఎక్కువ కావొచ్చు. మీ వీసా తీసిన ఏజెన్సీ మీరు పరారయ్యారని కేసు పెట్టిందంటే, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టడమే కష్టమవుతుంది. మన ఊళ్లలో ఇలా కాగితాల్లేకుండా మిగిలిపోయినవాళ్లను ‘ఖల్లివెల్లి’ అంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు హాస్టల్‌మేట్స్ ఉంటే అడగండి, ఆ మాట వెనకున్న కథలు వాళ్లకే తెలుసు. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా యూఏఈ క్షమాభిక్ష ఇచ్చింది కాబట్టి చాలామంది జరిమానా లేకుండా బయటపడ్డారు. క్షమాభిక్ష ఏటా రాదు. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోలేం.

ఖర్చు ఎవరిది?

ఒక కంపెనీ మిమ్మల్ని సక్రమంగా తీసుకోవాలంటే వర్క్ పర్మిట్, రెసిడెన్స్ వీసా, మెడికల్ టెస్ట్, ఎమిరేట్స్ ఐడీ, ఇన్సూరెన్స్ అన్నీ కట్టాలి. అక్కడి కార్మిక చట్టం (2021 నాటి 33వ డిక్రీ) ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీదే. మీ దగ్గర నేరుగా గానీ, జీతంలో కోసుకుని గానీ తీసుకోకూడదు.

అదే మీరు విజిట్ వీసా మీద ఉంటే? ‘ట్రయల్ చేయి, పనితనం చూసి వీసా కొడతాం’ అంటారు. రెండు నెలలు పని చేయించుకుంటారు. గడువు దగ్గరపడగానే ‘ఒకసారి ఎగ్జిట్ కొట్టి రా, నెక్స్ట్ మంత్ పక్కా’ అంటారు. టికెట్ మీది, కొత్త వీసా ఫీజు మీది, రిస్కూ మీదే. కంపెనీకి పైసా ఖర్చు లేకుండా ఇంకో రెండు నెలల పని. జీతం ఎగ్గొడితే ఫిర్యాదుకు వెళ్దామన్నా చేతిలో కాంట్రాక్టు ఉండదు, మీరు చేసిన పనే చట్టవిరుద్ధం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం ఇదే. కంపెనీ నెత్తిన ఉండాల్సిన ఖర్చూ, ప్రమాదమూ రెండూ ‘ఎగ్జిట్’ అన్న చిన్న మాటతో మీ నెత్తికెక్కుతాయి.

దీన్ని అడ్డుకోవాలనే 2024 ఆగస్టులో యూఏఈ చట్టం మార్చింది. పర్మిట్ లేనివాళ్లతో పని చేయించుకుంటే కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా. మంచిదే. కానీ జరిమానా పెరిగితే కొన్ని చిన్న కంపెనీలు మిమ్మల్ని ఇంకాస్త జాగ్రత్తగా దాచిపెడతాయే తప్ప, పిలిచి పర్మిట్ ఇవ్వవు.

ఇక్కడొక తేలికైన పరీక్ష ఉంది. విజిట్ వీసాపై ఉండగా నిజంగా ఉద్యోగం వస్తే, దేశం దాటకుండానే స్టేటస్ మార్చుకునే వీలు యూఏఈలో ఉంది. కంపెనీ కార్మిక శాఖ ద్వారా ఆఫర్ లెటర్ పంపిస్తుంది, మీరు సంతకం చేస్తారు, పర్మిట్ వస్తుంది, ఫీజు కట్టి స్టేటస్ మారుస్తారు. కాబట్టి ‘ఇంకో విజిట్ వీసా మీద రా’ అన్న కంపెనీని ఒక్కటే అడగండి: “నా పర్మిట్‌కి అప్లై చేశారా? ట్రాన్సాక్షన్ నంబర్ ఇస్తారా?” నంబరిస్తే కార్మిక శాఖ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. నంబరు బదులు కోపం వస్తే మీకు సమాధానం దొరికినట్టే.

ఇదే ట్రిక్కు, తూర్పు వైపు

గల్ఫ్‌లో పోయేది డబ్బు, కాలం. థాయ్‌లాండ్, కంబోడియా వైపు వెళ్తే అంతకన్నా ఎక్కువే పోతుంది. థాయ్‌లాండ్ 2024 జులైలో మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజుల బస ఇచ్చింది. పర్యాటకానికి తెరిచిన ఆ తలుపునే ‘డేటా ఎంట్రీ జాబ్’ ముఠాలు వాడుకున్నాయి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్లి కంబోడియాలో సైబర్ మోసాలు చేయించారు. కాల్ చేసి మోసం చేయాల్సింది ఎవర్నో కాదు, మన దేశంవాళ్లనే. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు స్కామ్ సెంటర్ల నుంచి 540 మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కేంద్ర ఇమిగ్రేషన్ లెక్కల ప్రకారం 2022 జనవరి నుంచి 2024 మే మధ్య విజిటర్ వీసాపై కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాం వెళ్లి తిరిగి రానివాళ్లు సుమారు 30 వేల మంది. థాయ్ అధికారులైతే 2025 నవంబర్‌లో, తగిన కారణం లేకుండా రెండుసార్లకు మించి ఇలా సరిహద్దు దాటి వచ్చేవాళ్లను వెనక్కి పంపేస్తామని ప్రకటించారు.

వెళ్లాలనే ఉంటే?

వెళ్లొద్దని చెప్పడం లేదు. అకౌంట్స్‌లోనో, ఏసీ టెక్నీషియన్‌గానో, సైట్ ఇంజినీర్‌గానో రెండేళ్ల అనుభవం ఉండి, ఉండటానికి మామయ్య గది ఉండి, 60 రోజుల ఖర్చు సొంతంగా పెట్టుకోగలిగినవాళ్లు విజిట్ వీసాపై వెళ్లి సక్రమంగా ఉద్యోగం తెచ్చుకున్న సందర్భాలు ఉన్నాయి. వాళ్లకు తిరుగు టికెట్ తేదీ నిజమైన తేదీ. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వెళ్లినవాడికి ఆ తేదీ ఉండదు. అప్పు వెనక్కి రానివ్వదు, అందుకే ఎగ్జిట్ మీద ఎగ్జిట్ కొడతాడు.

నిజానికి ఉద్యోగం వెతుక్కోవడానికంటూ యూఏఈ 2022 అక్టోబర్ నుంచి వేరే వీసా ఇస్తోంది. 60, 90, 120 రోజులకు తీసుకోవచ్చు, స్పాన్సర్ అక్కర్లేదు. కనీసం డిగ్రీ ఉండాలి. అక్కడి కార్మిక శాఖ వర్గీకరణలో మొదటి మూడు నైపుణ్య స్థాయిల్లోకి రావాలి, లేదా ప్రపంచంలోని తొలి 500 యూనివర్సిటీల్లో కొత్తగా చదువు ముగించి ఉండాలి. డిపాజిట్ కట్టాలి. దీని మీద కూడా పని చేయకూడదు, కానీ నాలుగు నెలలు సరిహద్దు వైపు చూడాల్సిన పని ఉండదు. విజిట్ వీసా అమ్మే ఆఫీసులో దీని గురించి అడిగి చూడండి, ‘అది వేస్ట్ బ్రదర్’ అంటే ఎందుకో చెప్పమనండి.

మన వైపు కూడా ఒక మెలిక ఉంది. పదో తరగతి పాసైన మీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది సౌకర్యమే, రక్షణ కాదు. ఈ-మైగ్రేట్ ద్వారా క్లియరెన్స్‌తో వెళ్లే కార్మికుడికి రూ.275 ప్రీమియంతో రెండేళ్లకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. విజిట్ వీసాతో వెళ్లే గ్రాడ్యుయేట్‌కు అది లేదు. రిజిస్టరైన ఏజెంట్ సర్వీస్ చార్జీ కింద రూ.30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. కొత్తపేటలో గ్లాస్ డోరున్న ఆఫీసు కనిపించినంత మాత్రాన అది రిజిస్టరైందని కాదు. టికెట్లు, వీసాలు అమ్మే ట్రావెల్ ఏజెన్సీకి విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే లైసెన్సు వేరే ఉండాలి. పేరు, లైసెన్స్ నంబర్ రెండూ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే రెండు నిమిషాల పని.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో ఉంది. గల్ఫ్‌తో పాటు జర్మనీ, జపాన్ ఉద్యోగాలకూ అక్కడ పేరు నమోదు చేసుకోవచ్చు. ఆలస్యం కావొచ్చు, ఏజెంటులా రోజూ ఫోన్ చేసి బుజ్జగించరు. ఇప్పటికే వెళ్లి ఇరుక్కున్న అన్నో, క్లాస్‌మేటో ఉంటే హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి నడుస్తున్న ప్రవాసీ ప్రజావాణిలో ఇంట్లోవాళ్లు అర్జీ ఇవ్వొచ్చు. యూఏఈలో ఉన్నవాళ్లు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 800 46342కు ఫోన్ చేయొచ్చు. వీసా గడువు ఇంకా పదిరోజులు ఉండగానే చేయమనండి. దాటాక చేసే ఫోన్‌కి రోజుకు 50 దిర్హమ్‌లు అదనం.