మందు సీసా మీది రాత ఎవరి కోసం?

బచ్చన్నపేట: వస్తువును తయారు చేసేవారు ఒకరు, అమ్మేవారు ఒకరు, వాడేవారు మరొకరు. ఈ ముగ్గురినీ కలిపేది ఒక కాగితం. పురుగుమందు సీసాతో ఇచ్చే కరపత్రం, మోటారు స్టార్టరు పెట్టెలో ఉండే చిన్న పుస్తకం, విత్తన సంచి మీద అచ్చువేసిన నాలుగు వరుసలు ఈ కోవలోనివే. ఆ రాత సరిగా ఉంటే పంట నిలుస్తుంది, మోటారు నిలుస్తుంది, ఒక్కోసారి ప్రాణమే నిలుస్తుంది. అంతటి రాతను తెలుగులో రాసే పని ఎవరిది? ఈ ప్రశ్న వేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.

బచ్చన్నపేట మండలం వానల మీద, బోర్ల మీద బతికే ప్రాంతం. ఇక్కడి చెలకల్లో పత్తి వేసే రైతు ఏటా కొనే సరుకులో సగానికి పైగా ఏదో ఒక సూచనతో వచ్చేదే. కాని ఆ సూచన చదివి వాడేవారు తక్కువ. దుకాణదారు చెప్పినంత కలపడం, పక్క చేను రైతు కొట్టిందే కొట్టడం అలవాటయింది. రైతుకు చదవాలనే ఆసక్తి లేదని అధికారులు అంటుంటారు. ముందు ఆ కాగితం ఎలా ఉందో చూసి తరువాత రైతును అనడం న్యాయం.

హెక్టారు లెక్క, ఎకరం చేను

మందు కరపత్రం విప్పితే ఒక పట్టిక కనిపిస్తుంది. పంట పేరు, పురుగు పేరు, మందు మోతాదు, కలపవలసిన నీరు, ఆఖరిసారి మందు కొట్టాక కోతకు ఆగవలసిన రోజులు అందులో ఉంటాయి. విషయమంతా ఉన్నట్టే. కాని మోతాదు హెక్టారుకు రాసి ఉంటుంది. మన దగ్గర హెక్టార్లతో భూమిని లెక్కబెట్టే రైతు ఎవరు? మనది ఎకరం, గుంట. మందు కొట్టేది ట్యాంకుల లెక్కన.

ఒక హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఉదాహరణకు పట్టికలో మందు 500 మిల్లీలీటర్లు, నీరు 500 లీటర్లు అని ఉందనుకుందాం. అంటే ఎకరానికి 200 మిల్లీలీటర్ల మందు, 200 లీటర్ల నీరు. 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు. ఎకరానికి పన్నెండు, పదమూడు ట్యాంకులు పడతాయి. ఈ లెక్క కరపత్రంలోనే ఉంటే ఎవరికీ తికమక ఉండదు. లేకపోవడం వల్ల 500 మిల్లీలీటర్లు ఎకరానికే అనుకుంటే మందు రెండున్నర రెట్లు అవుతుంది. ఖర్చూ అంతే, విషమూ అంతే. తక్కువైతే పురుగు చావదు, మరో మందు కొనవలసి వస్తుంది.

మాటల సంగతీ ఇంతే. 'నిరీక్షణ కాలం 7 రోజులు' అని రాస్తే ఎవరు దేనికోసం నిరీక్షించాలో తెలియదు. 'మందు కొట్టినాక 7 రోజుల దాకా కాయ కోయకండి' అని రాస్తే కూరగాయలు పండించే ప్రతి ఇల్లాలికీ తెలుస్తుంది. రెండింటికీ పట్టే చోటు దాదాపు ఒక్కటే. తేడా రాసినవారి శ్రద్ధలో ఉంది.

చట్టం ఉంది, చదువరి లేడు

దేశంలో పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. నిబంధనలు 1971లో వచ్చాయి. సీసాతో పాటు కరపత్రం ఉండాలని, ఏ పంటకు ఏ పురుగుకు ఎలా వాడాలో, విష లక్షణాలేమిటో, జాగ్రత్తలేమిటో, విరుగుడు ఏమిటో అందులో రాయాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతంలో వాడే ఒకటి రెండు భాషల్లో అచ్చు వేయాలని కూడా ఉంది. లేబులు మీద విషం తీవ్రతను తెలిపే రంగు గుర్తు తప్పనిసరి. ఎరుపు అయితే అత్యంత విషం, పసుపు అయితే అధిక విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన అది మంచినీళ్లు కాదన్నది అందరూ గుర్తుంచుకోవాలి. ఆ గుర్తు లేబులు ముఖంలో కనీసం పదహారో వంతు ఉండాలని కొలత కూడా చెప్పారు.

గుర్తు ఎంత పెద్దదిగా ఉండాలో కొలిచిన నిబంధనలు, తెలుగు అక్షరం రైతు కంటికి ఆనుతుందా, చదివితే అర్థమవుతుందా అని పరీక్షించే పని మాత్రం ఎవరికీ పెట్టలేదు. చాలా కరపత్రాల్లో అనేక భాషలను ఒకే కాగితంలో ఇరికిస్తారు. చీమ తలకాయంత అక్షరాలు. ఎండలో చేను గట్టున నిలబడి, చేతికి మందు అంటిన మనిషి వాటిని చదవగలడా?

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ జిల్లా మన ఆదిలాబాదుకు సరిహద్దు. మనం పండించే పత్తినే వారూ పండిస్తారు. పత్తి మనిషి ఎత్తు పెరగడం, ముఖానికి చేతులకు రక్షణ లేకపోవడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం వంటి కారణాలు అప్పుడు చెప్పారు. అన్నిటికీ కరపత్రాన్నే తప్పు పట్టలేము. కాని గాలికి ఎదురుగా కొట్టవద్దని, మందులు ఇష్టం వచ్చినట్టు కలపవద్దని చెప్పవలసిన మొదటి మనిషి ఆ కాగితమే. ఆ మనిషి నోరు మూసుకుని ఉంటే మిగిలినవారు ఎంత చెప్పినా ఆలస్యమే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. విషం సోకిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు సీసానో, కరపత్రాన్నో వెంట తీసుకుపోవాలి. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందుకు అట్రోపిన్ విరుగుడుగా ఇస్తారు. అన్ని మందులకూ అదే పనిచేయదు. ఏ మందో తెలిస్తేనే డాక్టరు వెంటనే వైద్యం మొదలుపెట్టగలడు. ఈ ఒక్క వాక్యం సీసా మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటే ఎంత బాగుండును!

కాలిన మోటార్ల కథ

పురుగుమందు ఒక్కటే కాదు. వేసవి వస్తే వైండింగ్ దుకాణాల ముందు కాలిన మోటార్లు వరుసగా కనిపిస్తాయి. కరెంటు ఎక్కువతక్కువలు, బోరులో నీరు తగ్గడం, ఫేజు పోవడం కారణాలు. వాటి నుండి మోటారును కాపాడటానికి స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే అనే చిన్న పరికరం ఉంటుంది. దాని ముల్లును సరైన అంకె మీద పెట్టాలి. మోటారు పలక మీద రాసిన ఆంపియర్లే దానికి ఆధారం.

నేరుగా నడిపే స్టార్టరు అయితే ముల్లును పలక మీది అంకెకే పెట్టాలి. స్టార్-డెల్టా స్టార్టరు అయితే సాధారణంగా ఆ అంకెలో 58 శాతానికి పెట్టాలి. పలక మీద 14 ఆంపియర్లు ఉంటే రిలేను 8 దగ్గర పెట్టాలన్న మాట. తెలియక 14 మీద పెడితే మోటారు 24 ఆంపియర్ల దాకా లాగినా రిలే ఊరుకుంటుంది. అప్పటికి తీగ కాలిపోతుంది. ఈ సంగతి స్టార్టరుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది, అదీ ఎక్కువగా ఇంగ్లీషులో. స్టార్టరు మూత లోపల ఒక బొమ్మ, రెండు తెలుగు వాక్యాలు అతికిస్తే చాలు. తయారీదారుకు అయ్యే ఖర్చు పైసలలో, రైతుకు మిగిలేది వేలలో.

ఇది ఒక వృత్తి

ఇలాంటి సూచనలు రాయడం ఎవరో ఒకరు తీరిక ఉన్నప్పుడు చేసే పని కాదు. ప్రపంచంలో దీన్ని ప్రత్యేక వృత్తిగా గుర్తించి చాలా కాలమయింది. టెక్నికల్ రైటర్ అంటారు. 1949లో అమెరికాలో జోసెఫ్ చాప్లిన్ అనే ఆయన బైనాక్ అనే కంప్యూటరును వాడే విధానం వివరిస్తూ ఒక పుస్తకం రాశారు. కంప్యూటరుకు రాసిన తొలి పుస్తకాల్లో దాన్ని చెబుతారు. ఈ వృత్తి వారి సంఘాలు అక్కడ 1953 నుండి ఉన్నాయి. అవి కలిసి పెద్ద సంస్థగా ఎదిగి, భారతదేశంలోనూ శాఖ పెట్టాయి. 70 ఏళ్లకు పైగా నడిచిన ఆ సంస్థ అప్పుల పాలై 2025 జనవరిలో మూతబడింది. సంఘం పోయినా పని పోలేదు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిచోటా దాని గురించి చెప్పే మనిషి కావాలి.

ఈ వృత్తి వారు మన రాష్ట్రంలోనూ ఉన్నారు. హైదరాబాదులో 1998లో హైటెక్ సిటీ మొదలయినాక సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగాయి. వాటిలో టెక్నికల్ రైటర్లు పనిచేస్తున్నారు. వారి పద్ధతి తెలుసుకోదగినది. ముందు ఇంజనీరు దగ్గర కూర్చుని విషయం తెలుసుకుంటారు. తామే ఆ వస్తువును వాడి చూస్తారు. ఒక వాక్యంలో ఒకే పని చెబుతారు. ఒక వస్తువుకు మొదట ఏ పేరు పెట్టారో చివరిదాకా అదే పేరు వాడతారు. రాసినది కొత్తవారికి ఇచ్చి, చదివి చేయమంటారు. వారు తడబడిన చోట తిరగరాస్తారు. మంచి పద్ధతే. కాని ఆ శ్రమంతా ఎక్కువగా ఇంగ్లీషులో, ఎక్కడో ఉన్న కొనుగోలుదారు కోసం జరుగుతోంది. బచ్చన్నపేట నుండి హైదరాబాదు వంద కిలోమీటర్లే, మన రైతు చేతిలోని కాగితానికి మాత్రం ఆ విద్య ఇంకా అందలేదు.

తెలుగుకు ఆ శక్తి లేదనలేము. 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు గారు, వారి మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్ర విషయాలను తెలుగులో పుస్తకాలుగా తెచ్చారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యపుస్తకాలు వేసింది. 1969లో మొదలైన 'అన్నదాత' పత్రిక రైతు భాషలో సేద్యం చెప్పింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వ్యవసాయ పంచాంగం వెలువరిస్తున్నది. పుస్తకంలో, పత్రికలో నడిచిన తెలుగు సీసా దగ్గరకు వచ్చేసరికి ఎందుకు కుంటుతోంది? పుస్తకం అమ్ముడుపోవాలంటే పాఠకుడికి అర్థం కావాలి. మందు అమ్ముడుపోవడానికి కరపత్రం అర్థం కానక్కరలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది.

ఇప్పుడు అనువాదం కంప్యూటరే చేసేస్తున్నదని, మనిషి అవసరం లేదని కొందరు అంటున్నారు. కంప్యూటరు మాటకు మాట ఇవ్వగలదు. కాని హెక్టారును ఎకరం చేసి, ఎకరాన్ని ట్యాంకు చేసి చెప్పాలని ఎవరో ఒకరు దానికి చెప్పాలి. చేను గట్టు తెలిసిన మనిషే ఆ మాట చెప్పగలడు.

చదువు రాని రైతు సంగతేమిటని ప్రశ్నించేవారూ ఉన్నారు. నిజమే. కాని ఈనాడు బడికి పోయే పిల్లలు లేని ఇల్లు అరుదు. తండ్రికి కొడుకో బిడ్డో చదివి వినిపించగలరు, కాగితం చదవదగినట్టు ఉంటే. చదువు రాని వారికి బొమ్మ ఉండనే ఉంది. దాన్ని గీయించడం కూడా ఈ వృత్తిలో భాగమే.

చేయవలసినది

మొదటిది, పురుగుమందుల తెలుగు కరపత్రంలో ఎకరం లెక్క, ట్యాంకు లెక్క తప్పనిసరి చేయాలి. కేంద్రంలో లేబుళ్లను, కరపత్రాలను ఆమోదించే రిజిస్ట్రేషన్ కమిటీకి మన రాష్ట్ర ప్రభుత్వం ఈ విషయం రాయాలి.

రెండవది, రాసిన కరపత్రాన్ని అచ్చుకు ముందే రైతుల చేత చదివించాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. 5 వేల ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. అక్కడ పదిమంది రైతులను కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, ట్యాంకుకు ఎంత కలుపుతారో చెప్పమంటే గంటలో నిజం తేలుతుంది.

మూడవది, ఇంటరు, డిగ్రీ చదివి ఊళ్లలో పని కోసం చూస్తున్న యువకులకు ఈ విద్య నేర్పాలి. వ్యవసాయం తెలిసి, నాలుగు వాక్యాలు తిన్నగా రాయగలిగినవారు మన మండలంలో లేకపోలేదు. విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమీ కలిసి చిన్న శిక్షణ పెడితే కంపెనీలకూ మనుషులు దొరుకుతారు, యువకులకూ ఉపాధి దొరుకుతుంది. రాసినవారికి తగిన జీతం, రాతకు బాధ్యత రెండూ ఉండాలి.

అంతవరకు రైతులు చేయగలిగిందీ ఉంది. మందు కొన్నప్పుడు బిల్లుతో పాటు కరపత్రం అడిగి తీసుకోవాలి. ఎకరానికి ఎంతో, ట్యాంకుకు ఎంతో దాని మీదే రాసివ్వమని దుకాణదారును కోరాలి. అనుమానం ఉంటే వ్యవసాయ విస్తరణ అధికారిని గాని, కిసాన్ కాల్ సెంటరును 1800-180-1551 నంబరుకు ఫోను చేసి గాని అడగాలి. అడిగే రైతు ఉంటేనే రాసే మనిషిని పెట్టాలన్న ఆలోచన కంపెనీకి వస్తుంది.

డబ్బులిచ్చి కొన్న వస్తువుతో పాటు దాన్ని వాడే తెలివి కూడా రైతుకు దక్కాలి. అది దయ కాదు, కొన్న సరుకులో భాగమే. ప్రభుత్వం, కంపెనీలు ఇకనైనా ఈ విషయమై శ్రద్ధ వహించాలి.