బేలు నంబరు ఎక్కడ ఆగిపోతుంది?

170 కిలోలు. ఒక దూది బేలు తూకం అది. వరంగల్ పక్కన ఒక జిన్నింగు మిల్లులో ఇరవై ఆరేళ్లు గుమస్తాగా చేసిన నాకు ఇంటి నంబరు మరిచిపోయినా ఈ అంకె మరుపు రాదు. ఐదు క్వింటాళ్ల పత్తి ఆడిస్తే ఒక బేలు. తక్కింది గింజ, చెత్త. దూదిని ప్రెస్సు కింద బండరాయిలా అదిమి, ఇనుప పట్టీలు బిగించి లారీకెత్తేవాళ్లు. నేను లారీ నంబరు, బేళ్ల లెక్క చిఠాలో ఎక్కించేవాణ్ణి. లారీ కోయంబత్తూరు దారి పట్టేది. వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

ఒకసారి బాకీ వసూలుకని అక్కడి నూలు మిల్లుకు పోయాను. ఇక్కడ మేం కరెంటు ఖర్చుపెట్టి అదిమిన దూదిని అక్కడ మళ్లీ కరెంటు ఖర్చుపెట్టి, పళ్ల చక్రాలతో చీల్చి చీల్చి మెత్తన చేస్తున్నారు. తిరిగొచ్చి మా ప్రెస్సు మేస్త్రీకి చెబితే పడీ పడీ నవ్వాడు. అదమడం దూదికి అక్కర్లేదు, లారీకీ ఓడకూ కావాలి. చేను దగ్గరే వడికితే బేలే కట్టనక్కర్లేదని మల్కా బట్ట నేయించేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. విన్నవాళ్లు తక్కువ.

ఆ నూలు తిరుప్పూరు పోయి, అల్లికై, రంగు మునిగి, టీషర్టవుతుంది. బేలుకు ఏడు వందల టీషర్టులు అనుకోండి. అవి ఏ భివండి గోదాములోనో కొన్నాళ్లు పడుకుని చివరికి మా వరంగల్ చౌరస్తాలో తగరపు హ్యాంగరుకు వేలాడతాయి. చేను అక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు.

అయితే లెక్కలు రాసినవాణ్ణి గనక ఒక మాట ఒప్పుకోవాలి. ఓడలో పది వేల కిలోమీటర్లు పోయినా ఒక టీషర్టు వంతుకు వచ్చే నూనె ఒకటి రెండు చెంచాలే. విమానమెక్కిస్తే పదుల రెట్లు పెరుగుతుంది, అది వేరే సంగతి. టీషర్టు వల్ల లేచే పొగలో పెద్ద భాగం బొగ్గు కరెంటుతో నూలు వడికేచోట, అద్దకానికి నీళ్లు కాగబెట్టేచోట పుడుతుంది. నన్ను కలవరపెట్టేది ఆ చెంచాడు నూనె కన్నా దూరం మన కళ్లకు కట్టే గంతలు.

తిరుప్పూరు అద్దకం నీళ్లన్నీ ఏళ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిశాయి. సాగు కోసం 1992లో ఒరత్తుపాళయం దగ్గర కట్టిన ఆనకట్టలో చివరికి నిలిచింది ఆ ఉప్పునీరే. నీళ్లు వదలమని రైతులు కోర్టుకు పోవడం మామూలే; వదలొద్దని పోయిన ఆయకట్టు అది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసెయ్యమంది. ఇప్పుడు నీళ్లు శుద్ధి చేసి తిరిగి వాడుతున్నారు. మంచిదే. దానికీ బోలెడంత కరెంటు కావాలి, మిగిలిన ఉప్పును ఎక్కడో పొయ్యాలి.

ఆ ఏళ్లలో మేమంతా రంగురంగుల టీషర్టులు తొడిగాం. మాలో ఒక్కరికీ ఆ నది పేరు తెలియదు. అటువైపూ అంతే. 1998లో మా జిల్లా పత్తి రైతులు పంటకు కొన్న పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకుంటుంటే, ఆ దూది బట్ట కట్టినవాళ్లకు ఎక్కడా ఆ వాసన రాలేదు.

మా నాన్న ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. 1934లో పెట్టిన మిల్లు. ఇక్కడి పత్తి, ఇక్కడే నూలు, ఇక్కడే బట్ట. మిల్లు మూతపడింది, స్థలం ప్లాట్లయింది. గీసుగొండ దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగినప్పుడు నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. పని మా ఊళ్లకు రావాలి. నొయ్యల్ గతి మా వాగులకు రాకూడదు. అందుకని మొదటి బట్ట రంగు మునగకముందే నీటిశుద్ధి ప్లాంటు పూర్తిగా నడవాలని, దాని లెక్కలు ఊరివాళ్లకు చూపాలని అడుగుతున్నాను.

ఇంట్లో మాత్రం నా మాట చెల్లడం లేదు. మనవడికి ఒకే చొక్కా మూడు సైజుల్లో తెప్పిస్తుంది కోడలు. ఒకటి ఉంచుకుని రెండు వాపసు. "ఫ్రీయే కదా మామయ్యా" అంటుంది. వచ్చేటప్పుడు పార్సిలు ఎక్కడుందో గంటగంటకూ ఫోను చెప్పింది. వాపసు పోయినవి ఏ ఊరు చేరాయో, మళ్లీ అమ్ముడుపోయాయో, చెత్తలో పడ్డాయో ఒక్క ముక్క చెప్పలేదు. నా చిఠాలో వాపసుకు గడే ఉండేది కాదు.

ప్రభుత్వాన్ని ఇంకొక్కటి అడుగుతాను. మెడ వెనక కుట్టే పట్టీ మీద కుట్టిన దేశం పేరు, ఉతికే తీరు ఉంటాయి. పత్తి ఏ జిల్లాదో, నూలు ఏ ఊరిదో, రంగు ఏ నది పక్కన అద్దారో కూడా రాయించండి. పెద్ద కష్టమేం కాదు. మేం ప్రతి బేలు మీదా మిల్లు పేరు, లాటు, నంబరు, తూకం వేసేవాళ్లం. ఆ నంబరు నూలు మిల్లు గేటు దగ్గర ఆగిపోతోంది.