మోటారు ఆగినా బడి ఆగలేదు



ఉదయం ఎనిమిదింపావుకి స్కూల్ గేటు ముందు ఎన్ని కార్లు, ఎన్ని స్కూటర్లు ఉంటాయో మీకు తెలియంది కాదు. చాలా బండ్లలో ఒక్కరే పిల్లో, పిల్లాడో ఉంటారు. నాన్న ఊరెళ్లారు, బండి రిపేరుకి ఇచ్చాం అన్నవి ఇప్పుడు లీవ్ లెటర్లలో మామూలు కారణాలైపోయాయి. బండి లేకపోతే బడి లేదన్నట్టు తయారయ్యాం. ఇది మంచి అలవాటు కాదని నా అభిప్రాయం. ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లోనే బండ్లు నిజంగా ఆగిపోయిన రోజులున్నాయి. అప్పుడు చదువులు మాత్రం ఆగలేదు.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కాయి. మలయా రబ్బరు రాక టైర్లు కరువయ్యాయి. బర్మా చమురు రాక పెట్రోలుకు కటకట ఎక్కువైంది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. తీరంలోని పట్నాల నుంచి ఎన్నో కుటుంబాలు లోపలి ఊళ్లకు తరలిపోయాయి. పెట్రోలుకు అప్పటికే రేషన్ ఉంది.

ఆ రోజుల్లో వచ్చినవే బొగ్గు బస్సులు. బస్సుకి పెద్ద డ్రమ్ములాంటి పొయ్యి తగిలించేవారు. అందులో బొగ్గును చాలీచాలని గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గ్యాసు వస్తుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజనుకి పంపేవారు. బయలుదేరే ముందు పంకా తిప్పి నిప్పు రాజెయ్యాలి. అంతా చేసినా పెట్రోలుతో వచ్చేంత బలం రాదు. ఎత్తు ఎక్కాలంటే బండి మూలిగేది. మన పిల్లలకు అసంపూర్ణ దహనం పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

అలాంటి బస్సును నమ్ముకుని బడి గంటకు చేరడం కష్టమే. మరి పిల్లలకు కాళ్లు ఉన్నాయి, కాలవ గట్లు ఉన్నాయి, కాలవల్లో పడవలు ఉన్నాయి. అసలు రాజమండ్రి దగ్గర మోటారు గోదావరి దాటే వంతెనే అప్పటికి లేదు. రోడ్డు కం రైలు వంతెన వచ్చింది 1974లో. యుద్ధం వల్ల ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు నుంచి గుంటూరుకి మారింది కానీ మూతపడలేదు. భీమవరంలో నేటి డి.ఎన్.ఆర్. కాలేజీ పుట్టింది 1945లో, ఆ కరువు ఇంకా తీరకముందే.

ఇదంతా తాతల నాటి సంగతి అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైనప్పుడు, అక్కడ మెడిసిన్ చదువుతున్న మన తెలుగు విద్యార్థులు కూడా సరిహద్దుల వైపు పరుగుపెట్టాల్సి వచ్చింది. పోలండ్ దారిలో కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతే, ఎంతోమంది భారతీయ విద్యార్థులు గడ్డకట్టే చలిలో బ్యాగులు మోసుకుంటూ నడిచారు. రెండు నెలలు తిరక్కుండానే మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు 120 రూపాయలు దాటింది. మన కాళ్ల కింద కృష్ణా గోదావరి బేసిన్ ఉన్నా, దేశానికి కావలసిన ముడి చమురులో నూటికి 85 వంతులకు పైగా బయటి నుంచే వస్తోంది. ఎక్కడ యుద్ధమైనా మన బంకులో రేటు మారుతుంది.

అప్పుడు రోడ్ల మీద ఇన్ని లారీలు లేవు కదా టీచర్, అని మీరు అడగవచ్చు. నిజమే. హైవే పక్కన పిల్లల్ని నడిపించమని నేను చెప్పను. దూరం నుంచి వచ్చేవాళ్లకు స్కూల్ బస్సు మేలు. ఒకే వీధి పిల్లలైతే ఒకే కారులో రావచ్చు. దగ్గరలో ఉన్న పెద్ద పిల్లలు, దారి క్షేమమైనదైతే, నలుగురూ కలిసి నడిచో, సైకిలు మీదో రావచ్చు.

ఒక్కటి మాత్రం చేయకండి. టైము లేదని నైన్త్, టెన్త్ పిల్లల చేతికి స్కూటర్ తాళాలు ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరానికి కారణమైతే తల్లిదండ్రులకు గానీ, బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. జరగరానిది జరిగితే ఈ లెక్కలేవీ మనకు గుర్తుండవు కూడా.

ఈ నెలలో వారానికి ఒక్క రోజు మీ సొంత బండి లేకుండా పిల్లల్ని స్కూలుకి పంపి చూడండి. ఏ దారిన రావాలో, ఎన్నింటికి బయలుదేరాలో వాళ్లనే లెక్క వేసుకోనివ్వండి. ఇంట్లో తాతయ్యగారో అమ్మమ్మగారో ఉంటే, వాళ్లు బడికి ఎలా వెళ్లేవారో ముందురోజు రాత్రి అడిగి తెలుసుకోమనండి. ఆ రోజు నా క్లాసు పిల్లలు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా నేనేమీ అనను.