గిటార్‌కు ఒక చేతి ఆసరా

“గిటార్ నేర్చుకునేటప్పుడు నొప్పి మామూలే, అలవాటైపోతుంది” అంటారు పెద్దలు. తీగలు నొక్కే ఎడమచేతి వేళ్ల విషయంలో అది నిజమే. కొన్ని వారాలకు కొనలు గట్టిపడతాయి. కుడి ముంజేతికి మాత్రం అలా కుదరదు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే డ్రెడ్‌నాట్ గిటార్ పెట్టె సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 1916లో అమెరికాలో పుట్టిన ఆకారం అది, పెద్దవాళ్ల ఒళ్లకు సరిపోయేది. మనం వాయిస్తే దాని అంచు ముంజేతిని నొక్కుతుంది, ఎర్రటి గీత పడుతుంది, చేయి తిమ్మిరెక్కుతుంది.

ఆ అంచుకు తగిలించే ఆసరా ఉంటే చేతి బరువు వెడల్పైన పట్టీ మీద పడుతుంది. చేయి పైచెక్కను అదమదు కాబట్టి నాదమూ నిండుగా వస్తుంది. అయితే ఎత్తు మారనిది కొనకూడదని నా అభిప్రాయం. అది పొట్టివాళ్ల భుజాన్ని ఇంకా పైకి లేపుతుంది. సర్దుకునేదైతే ఆరో తరగతిలో ఒకలా, తొమ్మిదిలో ఒకలా పెట్టుకోవచ్చు.

బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్లలో సగం సామాను అమ్మేస్తారు. గిటార్ మాత్రం రైల్లో మన పక్కనే వస్తుంది. కొత్త ఊళ్లో స్నేహితులు దొరికేదాకా తోడు అదే. చేయినొప్పి వల్ల దాన్ని మంచం కిందికి తోసేయడం అన్యాయం కదా! బడి సంగీత గదిలో ఒకే గిటార్‌ను చిన్నా పెద్దా అందరం వాయిస్తాం. దానికీ ఇలాంటిది ఒకటి కావాలి. జిగురుతో అంటించేది మాత్రం వద్దు, తీసేటప్పుడు వార్నిష్ ఊడి రావచ్చు.