బోనులో బుడతడు

టీవీలో "లేత మనసులు" వేశారట. ఏలూరు నుంచి ఒక పాఠకుడు, డిగ్రీ చదివే కుర్రాడు, ఉత్తరం రాశాడు. "అమ్మమ్మ పక్కన కూర్చుని చూశానండీ. అందులో అమ్మా నాన్నా విడిపోయి కవలపిల్లల్ని చెరొకర్నీ తీసుకున్నారు. మా అక్కకి ఉన్నది ఒక్కడే. వాణ్ణెలా పంచుతారండీ?"

సరదాకి అడిగింది కాదు సుమండీ! అక్కా బావల విడాకుల కేసు కోర్టులో ఉంది. బాబుకి నాలుగేళ్ళు. "పిల్లాణ్ణి చూడనివ్వకపోతే పైసా ఇవ్వను" అంటాడు బావ. "ఆ డబ్బూ వద్దు, ఆ మొహమూ వద్దు" అంటుంది వీళ్ళ అమ్మ. అక్క ఏమీ అనదు, ఏడుస్తుంది. "మేనమామని కదా, నేనేం చెయ్యాలి?" అని చివరి ప్రశ్న.

మన సినిమాల్లో అయితే చిటికెలో పని. బుడతణ్ణి బోనెక్కిస్తారు. జడ్జి గారు కళ్ళజోడు తీసి "ఎవరి దగ్గరుంటావు బాబూ?" అంటారు. వాడు రెండు పేజీల డైలాగు గుక్కతిప్పుకోకుండా చెప్పి, అమ్మ చెయ్యి తెచ్చి నాన్న చేతిలో పెడతాడు. హాల్లో చేతిరుమాళ్ళు తడుస్తాయి, తెర మీద "శుభం" పడుతుంది. నేనూ ఏడ్చిన వాణ్ణే, అబద్ధమెందుకు! కానీ 1979లో వచ్చిన "క్రేమర్ వర్సెస్ క్రేమర్" చూశాక ఆ సీన్లు నాకు రుచించడం మానేశాయి.

అందులో భార్య మెరిల్ స్ట్రీప్ ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. మొగుడు డస్టిన్ హాఫ్‌మన్ పిల్లాడికి టిఫిను చెయ్యడం దగ్గర్నుంచి నేర్చుకుంటాడు. కొన్నాళ్ళకి ఆవిడ తిరిగొచ్చి కొడుకు కావాలంటుంది. కోర్టు ఆవిడకే ఇస్తుంది. అప్పీలు చేద్దామంటే లాయరు ఒక మెలిక చెబుతాడు: ఈసారి పిల్లాణ్ణి సాక్షిగా బోనెక్కించాలి. తండ్రి వద్దంటాడు. గెలిచే దారి ఉన్నా వదులుకుంటాడు! ఆ చిత్రానికి అయిదు ఆస్కార్లు వచ్చాయి గానీ, నా మటుకు నాకు ఆ ఒక్క "వద్దు" చాలు.

సరే, విషయానికొద్దాం. మన దేశంలో బాబుని బోనెక్కించే పని సాధారణంగా ఉండదు. అడగాల్సి వస్తే జడ్జి తన ఛాంబర్లోకి పిలిచి మాట్లాడతారు. ఫామిలీ కోర్టులో మీవాళ్ళలో ఏ ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసి జరుపుతారు. అదీ, తన ఇష్టం చెప్పుకునే తెలివి వచ్చిన పిల్లల మాటే లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. నాలుగేళ్ళ వాడు ఆ ఊసులోకే రాడు. వాడు ఎవరు బిస్కెట్ కొనిపెడితే వాళ్ళ పేరు చెబుతాడు.

హిందువుల విషయంలో 1956 చట్టం ప్రకారం, అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే. "మామూలుగా" అన్న మాట చూశారూ? అయిదేళ్ళు నిండిన మర్నాడు బావగారు పెట్టె సర్దుకుని వచ్చి ఎత్తుకుపోవచ్చని కాదు. ఏ వయసులోనైనా అన్నిటికన్నా పైన నిలిచేది బిడ్డ క్షేమం. పిల్లలు తల్లిదండ్రుల సామానూ కాదు, ఆటబొమ్మలూ కాదని సుప్రీం కోర్టు 1973లోనే చెప్పింది. కాబట్టి పంచడం అన్న మాటే లేదు. వాడు ఒక ఇంట్లో ఉంటాడు, ఇద్దరికీ కొడుకుగానే ఉంటాడు.

ఇక అసలు తగువు. బావ మాటా తప్పే, మీ అమ్మగారి మాటా తప్పే! డబ్బు టిక్కెట్టూ కాదు, బాబు సినిమా కాదు, కొన్నవాడికే చూపించడానికి. చూడనివ్వలేదని పోషణ ఖర్చు ఆపే హక్కు తండ్రికి లేదు. డబ్బివ్వలేదని తలుపేసే హక్కు వీళ్ళకీ లేదు. ఎవరి గోడు వాళ్ళు కోర్టుకి విడివిడిగా చెప్పుకోవాల్సిందే.

మీ అమ్మగారి పౌరుషం నాకు అర్థమవుతుంది. కానీ ఆ డబ్బు ఆవిడదీ కాదు, మీ అక్కగారిదీ కాదు, బాబుది. వాడి అన్నం, వాడి స్కూలు ఫీజు, వాడి జ్వరం మందులు. వాడి తరఫున "వద్దు" అనడానికి వీళ్ళెవరు? కేసు తేలేదాకా ఆగక్కర్లేదు కూడా. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద బాబు పోషణకీ చదువుకీ ఇప్పుడే అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, తేల్చాలని చట్టమే అంటోంది. మా వీధి ప్లీడరు గారిని అడిగితే ఆ "వీలైనంత వరకు" దగ్గర ఒక నవ్వు నవ్వారు. అయినా అడగందే ఏదీ రాదు.

ఎంతిస్తారు అంటారా? రేటు కార్డు లేదు. 2020లో సుప్రీం కోర్టు ఒక తీర్పులో, ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ఆదాయమూ అఫిడవిట్‌లో రాసివ్వాలంది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ లెక్క కట్టాలంది. చదువు ఖర్చు మామూలుగా తండ్రిది. తల్లికీ తగినంత సంపాదన ఉంటే ఇద్దరూ భరిస్తారు. ఏ మతం వారైనా మేజిస్ట్రేటు దగ్గర అడగడానికి ఇంకో దారి ఉంది, ఇదివరకు అందరి నోటా నానిన 125. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. ఆ దారిన వచ్చిన ఆర్డరు ప్రకారం ఇవ్వకపోతే వారంటూ వస్తుంది, జైలూ వస్తుంది. అయితే బాకీపడ్డ నెల డబ్బుకి ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. అభిమానపడి చేతులు ముడుచుక్కూర్చుంటే ఏడాది దాటిపోతుంది.

బావగారి వైపు కూడా ఒక మాట. బాబుని ఫలానా వారం, ఫలానా చోట కలుసుకుంటానని ఆయనా కోర్టుని అడగొచ్చు. అదే 2020లో సుప్రీం కోర్టు మరో కేసులో, దూరంగా ఉన్న తల్లో తండ్రో రోజూ అయిదు పది నిమిషాలు బిడ్డతో ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడే వీలుండాలంది. పైగా 26వ సెక్షన్ ఆర్డర్లు రాతి మీద చెక్కినవి కావు. బాబు పెరిగేకొద్దీ, పరిస్థితులు మారేకొద్దీ మార్చమని ఎవరైనా అడగొచ్చు.

మరి మేనమామ ఏం చెయ్యాలి? కలుసుకునే రోజున బాబుని మీరే తీసుకెళ్ళండి. అక్కా బావా ఎదురుపడక్కర్లేదు. చెయ్యి బావగారికి అందించి, టైముకి మళ్ళీ వెళ్ళి తెచ్చుకోండి. దారిలో "నాన్న ఏమన్నాడు, ఎవరి గురించి అడిగాడు" అని ఆరా తియ్యకండి. ఆ ప్రశ్నలు వేస్తే రిక్షా సీటు కూడా బోనే అవుతుంది వాడికి. ఐస్‌క్రీం తిన్నాడో లేదో అడగండి, చాలు.

అన్నట్టు, ఉత్తరం చివర్న ఒక మూల చిన్న అక్షరాలతో అడిగారు, "లేత మనసులు"లో నిజంగా కవలలేనా అని. కాదండీ. కుట్టి పద్మిని ఒక్కతే, రెండు వేషాలూ వేసింది.