పగటి వేళకు మల్లె అత్తరు

సుగంధాన్ని కానుకగా ఇస్తే దైవప్రవక్త (స) తిరస్కరించేవారు కాదని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. శుక్రవారం స్నానమాచరించి, ఇంట్లో ఉన్న సుగంధం పూసుకొని నమాజుకు వెళ్లమన్న బోధ కూడా మనకు సుపరిచితమే. ‘ఇంట్లో ఉన్న’ అన్న మాట మమ్మల్ని ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. ఖరీదైన ఊద్ కొని తెచ్చుకోవాలన్న షరతు అందులో లేదు.

ఊద్, కస్తూరి రాత్రివేళకూ శీతకాలానికీ శోభిస్తాయి. మన వేసవి ఎండల్లో అవి పూసుకున్నవారికీ, పక్కన నిలిచినవారికీ భారమే. పగటికి తెల్లని పూల పరిమళం మేలు. వాటిలోనూ నేలసంపెంగ ఘాటైనది, మల్లె మన ఇళ్లకు అలవాటైనది. ఈ తెల్ల పూలలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు అదే పువ్వుకు జీవం పోస్తుంది. మోతాదు మించితే కలరా ఉండల వాసనను తలపించి తల పట్టేస్తుంది. కనుక మల్లె అత్తరు ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదన్న భావన సరైనది కాదు.

ఇక ధర సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ పూలను ‘దేగ్’ అనే రాగి పాత్రలో నీటితో ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం ద్వారా ‘భప్కా’ అనే మరో పాత్రలోకి పంపుతారు. పూర్వం ఆ భప్కాలో చందన తైలం ఉండేది. చందనం ధర అందనంత పెరగడంతో అనేకులు పారఫిన్ వంటి చవక నూనెలను ఆశ్రయించారు. ద్రావకాలతో సారం తీసే పద్ధతిలోనైతే వెయ్యి కిలోల మల్లెలకు చేతికందేది సుమారు మూడు కిలోల మైనపు ముద్ద మాత్రమే. దాన్ని శుద్ధి చేస్తే మరింత తగ్గుతుంది. ఇక వంద రూపాయల సీసాలో అచ్చమైన పూల సారం ఎలా ఉంటుంది? అందులో ఉండేది ప్రధానంగా బెంజైల్ ఎసిటేట్ వంటి రసాయనాల మేళవింపు.

అలాంటి దాన్ని వాడటం తప్పని మేము అనడం లేదు. మల్లెపువ్వులో సహజంగా ఉండేదీ ఆ బెంజైల్ ఎసిటేటే. చక్కగా కూర్చితే నిత్య వాడకానికి అది చాలు. తప్పల్లా దాన్ని ‘స్వచ్ఛమైన పూల అత్తరు’ అని అమ్మడంలోనే ఉంది. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన సంఘటన సీసాలకూ వర్తిస్తుంది. అడగగానే “ఇది కృత్రిమమే” అని ఒప్పుకునే దుకాణదారు దొరికితే, అతని దగ్గరే కొనండి.

చార్మినార్, పత్తర్‌గట్టి ప్రాంతాల అత్తరు దుకాణాల్లో మణికట్టు మీద రాసి చూపిస్తారు. వెంటనే బేరమాడకండి. గంటసేపు బజారులో తిరిగి, కాసేపు ఎండలో నడిచి, అప్పుడు వాసన చూడండి. మొదటి తీపి పోయాక మిగిలేదే రోజంతా మీతో ఉండేది. మూడు నాలుగు రకాలు చూశాక ముక్కు మొద్దుబారుతుంది. అక్కడితో ఆపి మరో రోజు వెళ్లండి. సున్నిత చర్మం గలవారు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు వేచి చూడాలి. తెల్లని కుర్తా మీద నేరుగా పూస్తే నూనె మరక పడుతుంది. స్ప్రేలలోని ఆల్కహాలు విషయంలో పండితుల అభిప్రాయాలు వేర్వేరు. ఆల్కహాలు కలపని నూనె అత్తరుతో ఆ ప్రశ్నే తలెత్తదు.

స్త్రీలు పరపురుషుల మధ్యకు పరిమళం వెదజల్లుతూ వెళ్లరాదన్న హెచ్చరిక మనకు తెలిసిందే. కానీ మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. వివాహ వేడుకలకు వెళ్లేటప్పుడు సీసా మూత తెరుచుకుంటుంది. ఇంట్లో గడిపే పగలంతా మసాలాల వాసనే మిగులుతుంది. అత్తరు సీసా పురుషుల జుమాకూ, పండుగ రోజు చెవిలో పెట్టుకునే ఫాయాకూ పరిమితమైపోయింది. వంటపని ముగించి, ముఖం కడుక్కుని, మెడ దగ్గర ఒక్క చుక్క పూసుకునే హక్కు ఇల్లాలికి లేదా? భర్తలారా, ఈసారి సీసా కొనేటప్పుడు రెండోది కూడా తీసుకోండి. అయితే పరిమళాన్ని ఆమెనే ఎంచుకోనివ్వండి.

వెలుతురు తగలని అల్మారాలో, మూత బిగించి దాచండి. రోజుకొక్క చుక్క చొప్పున 3 మిల్లీలీటర్ల సీసా సుమారు రెండు నెలలు వస్తుంది.